తెరిచినవెన్ని, మూసినవెన్ని, మిగిలినవెన్ని?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం వ్యాపారాల పుట్టుక, మూత, మనుగడ లెక్కల గురించే. ఒకే సందేహం మూడు నాలుగు ఉత్తరాల్లో కనిపించినచోట వాటిని ఒక ప్రశ్నగా కలిపాం.

ప్రశ్న: ఒకే వారంలో రెండు వార్తలు చదివాను. దేశంలో కొత్త వ్యాపారాలు మునుపెన్నడూ లేనంతగా పుడుతున్నాయని ఒకటి, మూతపడేవి కూడా బాగా పెరిగాయని ఇంకొకటి. రెండింట్లో ఏదో ఒకటి తప్పయి ఉండాలి కదా? (డిగ్రీ విద్యార్థి)

రెండూ ఒప్పే కావచ్చు. ఏడాది మొదట్లో దేశంలో 10 లక్షల వ్యాపారాలు ఉన్నాయనుకోండి. ఏడాదిలో 1,10,000 కొత్తవి వచ్చాయి, 1,00,000 మూతపడ్డాయి. పుట్టుక రేటు 11 శాతం, మూత రేటు 10 శాతం, నికర పెరుగుదల 1 శాతం. ఆ ఒక్క శాతాన్నే చూసిన మనిషికి ఏమీ జరగనట్టు ఉంటుంది. పుట్టుకనూ మూతనూ కలిపితే వచ్చే కదలిక మాత్రం 21 శాతం. ఆర్థికవేత్తలు ముందుగా చూసేది ఈ కదలికనే.

పైగా ఈ రెండు సంఖ్యలూ ఒకదాని వెంట ఒకటి నడుస్తాయి. మూతపడేవాటిలో పసి వ్యాపారాల వాటా ఎప్పుడూ ఎక్కువే. కాబట్టి ఈ ఏడాది మామూలుకంటే 20 వేలు అదనంగా పుడితే, వాటిలో ఐదో వంతు తొలి ఏడాదిలోనే పోతాయనుకున్నా, వచ్చే ఏడాది మూతల పద్దులో 4 వేలు అదనంగా చేరతాయి. ఆర్థిక వ్యవస్థ దెబ్బతిననక్కర్లేదు. అమెరికాలో 2019లో కొత్త వ్యాపారాల కోసం వచ్చిన పన్ను గుర్తింపు సంఖ్య దరఖాస్తులు సుమారు 35 లక్షలు. 2021లో అవి 54 లక్షల దాకా వెళ్లాయి. ఆ తర్వాతి రెండేళ్లలో మూతలూ పెరిగాయి. ఈ వరసను పక్కనపెట్టి మూతల సంఖ్య ఒక్కటే శీర్షికకెక్కితే పాఠకుడు హడలిపోతాడు.

ఇందుకు భిన్నమైన సందర్భమూ ఉంది. బ్రిటన్ జాతీయ గణాంక కార్యాలయం లెక్కల్లో 2022లో పుట్టుక రేటు 11.5 శాతం, మూత రేటు 11.8 శాతం. మూతలు పుట్టుకలను దాటడం 2010 తర్వాత అక్కడ అదే మొదటిసారి. ఇలా గీత దాటిన ఏడాదిని తేలిగ్గా తీసుకోకూడదు.

హారం సంగతి కూడా చూసుకోవాలి. కొందరు ఏడాది ఆరంభంలో ఉన్న సంఖ్యతో భాగిస్తారు, కొందరు ఆరంభ, ముగింపు సంఖ్యల సగటుతో. దేశం మొత్తానికైతే తేడా నామమాత్రం. చిన్న రంగంలో 200 ఉన్నవి 300 అయితే మొదటి పద్ధతిలో పెరుగుదల 50 శాతం, రెండో పద్ధతిలో 40 శాతం. పద్ధతి చెప్పని శాతాన్ని ఇంకో శాతంతో పోల్చకండి.

ప్రశ్న: "కొత్త వ్యాపారాల్లో 90 శాతం ఏడాది తిరక్కుండానే మూతపడతాయి" అని ప్రతి శిక్షణ తరగతిలోనూ చెబుతారు. ఎంతవరకు నిజం? (స్వయం ఉపాధి శిక్షణ పొందుతున్న పాఠకురాలు)

నిజం కాదు. ఇలాంటి మాట వల్ల నష్టం కూడా ఉంది. పెట్టుబడి పెట్టగల మనిషి భయపడి ఆగిపోతాడు, అప్పిచ్చేవాళ్లు వడ్డీ పెంచడానికి సాకు దొరుకుతుంది.

అమెరికా కార్మిక గణాంక సంస్థ 1994 నుంచి ప్రతి ఏటి కొత్త వ్యాపార స్థలాలను విడివిడిగా వెంటాడుతూ వస్తోంది. వాటిలో తొలి ఏడాదిలో మూతపడేవి సుమారు 20 శాతం. ఐదేళ్లకు దాదాపు సగం మిగులుతాయి, పదేళ్లకు మూడో వంతు లేదా కాస్త ఎక్కువ. మంచి రోజుల్లో పుట్టినవైనా, మాంద్యంలో పుట్టినవైనా, మిగిలేవాటి శాతం ఏడాదికేడాది తగ్గే ఈ వంపు పెద్దగా మారకపోవడం ఈ లెక్కల్లో అన్నిటికంటే ఆసక్తికరమైన సంగతి. హోటళ్ల వ్యాపారం గురించి ఈ 90 శాతం మాట మరీ గట్టిగా వినిపిస్తుంది. ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్ నగరంలో హెచ్.జి. పార్సా బృందం లెక్కతీసి 2005లో ప్రచురించిన పరిశోధనలో తొలి ఏడాది మూతపడినవి 26 శాతం, మూడేళ్లలో సుమారు 60 శాతం. తక్కువేమీ కాదు, కానీ 90 కాదు.

ఈ వంపును ఎలా చదవాలో చూద్దాం. వాస్తవ వంపుకు దగ్గరగా ఉండేలా మేం వేసుకున్న ఉదాహరణ ఇది: 1,000 వ్యాపారాలు మొదలయ్యాయి. వరుసగా ఏడాదికేడాది చివర మిగిలినవి 800, 690, 610, 550, 500. మొదటి ఏడాది మూతపడే ప్రమాదం 20 శాతం. రెండో ఏడాది 800లో 110 పోయాయి కనుక 13.75 శాతం. మూడో ఏడాది 11.6, నాలుగో ఏడాది 9.8, ఐదో ఏడాది 9.1. ఐదేళ్లకు 500 ఉన్నవి పదేళ్లకు 350 అయితే ఆ మధ్య ఏటా సగటున 7 శాతంలోపే. అంటే "సగం ఐదేళ్లలో పోతాయి" అనే మాట కొత్తగా తెరిచేవారికి వర్తిస్తుంది. నాలుగేళ్లు నిలదొక్కుకున్న వ్యాపారికి అదే మాట చెప్పడం తప్పు. అతనికి వచ్చే ఏడాది ఉన్న ప్రమాదం దాదాపు పదిలో ఒకటి మాత్రమే.

ఇంత చిన్న వయసులోనే ఎందుకు పోతాయి? కొత్త సంస్థకు నమ్మకమైన సరఫరాదారులు ఉండరు, అరువు పుట్టదు, ఎవరు ఏ పని చేయాలో కుదురుకోదు. సామాజిక శాస్త్రవేత్త ఆర్థర్ స్టించ్‌కోంబ్ 1965లో దీన్ని కొత్తదనపు భారంగా వర్ణించాడు. 1982లో ఆర్థికవేత్త బోయాన్ యోవనోవిచ్ ఇంకో కోణం చూపించాడు: తన వ్యాపారం ఎంత సమర్థమైనదో యజమానికి మొదట్లో తెలియదు, నడిపితేగానీ తెలియదు, తెలిశాక బలహీనమైనవాళ్లు తప్పుకుంటారు. చేతిలో పెట్టుబడి కాస్త ఎక్కువగా ఉన్న సంస్థల్లో మొదటి ఏడాది మూతలు తక్కువగా ఉండి, ఆ నిల్వ కరిగాక ప్రమాదం పెరిగి, తర్వాత తగ్గడం కూడా పరిశోధకులు గమనించారు. కాబట్టి తొలి ఏడాది గండం గడిచిందని అందరూ ఊపిరి పీల్చుకోనక్కర్లేదు.

ప్రశ్న: మా వాణిజ్య సంఘం దగ్గర పన్నెండేళ్ల నమోదుల జాబితా ఉంది. సభ్య వ్యాపారాల మనుగడ రేటు సరిగ్గా ఎలా లెక్కించాలి? (సంఘం కార్యదర్శి)

జాబితా ఉండటం అదృష్టమే. అయితే దాన్ని అలాగే తీసుకుని భాగించేస్తే తప్పు లెక్క వస్తుంది.

ముందు పుట్టిన రోజు తేల్చుకోండి. నమోదు తేదీ పుట్టిన రోజు కాదు. నమోదై ఒక్క లావాదేవీ కూడా చేయని సంస్థలు ఏ జాబితాలోనైనా ఉంటాయి. మొదటి పన్ను రిటర్న్, మొదటి జీతం, మొదటి అమ్మకం బిల్లు, వీటిలో మీకు అందుబాటులో ఉన్నదాన్ని ఎంచుకుని అందరికీ అదే వాడండి. ఒకే ఏడాదిలో పుట్టినవాటిని ఒక జట్టుగా కట్టండి.

తర్వాత దొంగ పుట్టుకలను ఏరేయాలి. ఎక్కువ సమయం పట్టేది, ఎక్కువమంది వదిలేసేది ఈ పనే. యజమాని సొంత పేరు మీదున్న వ్యాపారం ప్రైవేట్ కంపెనీగా మారితే కొత్త నంబరు వస్తుంది, వ్యాపారం పాతదే. పేరు మారినా, చిరునామా మారినా, రెండు కలిసినా, ఒకటి రెండుగా చీలినా జాబితాలో ఒక "మూత", ఒక "పుట్టుక" కనబడతాయి. ఐరోపా గణాంక సంస్థ యూరోస్టాట్, ఎక్కువగా సంపన్న దేశాలు సభ్యులుగా ఉన్న ఆర్థిక సహకార సంస్థ ఓఈసీడీ కలిసి 2007లో తెచ్చిన మాన్యువల్ వీటిని లెక్కలోంచి తీసేస్తుంది. పోలికకు మూడు గుర్తులు పెట్టుకోండి: అదుపు ఎవరి చేతిలో ఉంది, పని ఏమిటి, చోటు ఏది. ఈ మూడింట్లో రెండు అలాగే కొనసాగితే అది పాత వ్యాపారమే. కంప్యూటర్‌లో పేర్లు జతచేస్తే సరిపోదు. ఫోన్ నంబరు, చిరునామా, ఉద్యోగుల పేర్లు కూడా సరిచూడండి. అక్షరం తేడాతో విడిపోయిన జంటలు బోలెడు బయటపడతాయి.

ఇక చావు ఎప్పుడన్నది. ఒక్క రిటర్న్ వేయనంత మాత్రాన మూతపడినట్టు కాదు. సీజన్‌ను బట్టి నడిచేవి మూడు నెలలు మూసి మళ్లీ తెరుస్తాయి. అమెరికా కార్మిక గణాంక సంస్థ వరుసగా నాలుగు త్రైమాసికాలు ఉద్యోగులు సున్నా అయితేనే మరణంగా రాసుకుంటుంది. ఐరోపా పద్ధతిలో రెండేళ్లలోపు మళ్లీ తెరుచుకుంటే మరణం కాదు, కొత్త పుట్టుకా కాదు. మీరు ఏ గడువైనా పెట్టుకోండి, కానీ మరణ తేదీని మాత్రం వెనక్కి జరపండి. జాబితాలోంచి పేరు కొట్టేసిన తేదీ కాదు, చివరిసారి పని జరిగిన త్రైమాసికం రాయాలి. లేకపోతే చచ్చిన వ్యాపారాలు రెండేళ్లు అదనంగా బతికేస్తాయి.

మూత తప్ప ఇతర కారణాలతో జట్టును వదిలినవి లేనప్పుడు హారం ఎప్పటికీ మారకూడదు. 2015 జట్టులో 1,000 ఉంటే, 2020లో మిగిలినవాటిని ఆ వెయ్యితోనే భాగించాలి. ఇప్పుడు జాబితాలో ఉన్నవాటిని మాత్రమే తీసుకుని వెనక్కి వెళితే చనిపోయినవి కంటికి కనిపించవు.

విలీనమైనవి, అమ్ముడుపోయినవి, సభ్యత్వం వదిలి ఆచూకీ తెలియనివి ఏం చేయాలి? వాటిని చావులుగా రాస్తే మనుగడ తగ్గుతుంది, బతికినవిగా రాస్తే పెరుగుతుంది. అవి వెళ్లిపోయేదాకా గమనించినవిగా మాత్రమే రాయాలి. ఉదాహరణకు 1,000లో తొలి ఏడాది 200 మూతపడ్డాయి. రెండో ఏడాది 800తో మొదలై 40 విలీనమయ్యాయి, 100 మూతపడ్డాయి. విలీనమైనవి సగటున అర్ధ సంవత్సరం మన కంటి ముందున్నాయని 40లో సగం తీసేస్తే ప్రమాదంలో ఉన్నవి 780. మూత ప్రమాదం 100ను 780తో భాగిస్తే 12.8 శాతం. మనుగడ 0.80ని 0.872తో హెచ్చవేస్తే 69.7 శాతం. విలీనాలను చావుల్లో కలిపేసి ఉంటే 66 శాతమే వచ్చేది. ఖచ్చితమైన తేదీలు ఉంటే గణాంకవేత్తలు కప్లాన్, మేయర్ 1958లో ఇచ్చిన పద్ధతి ఇంకా మేలు. ఒక్కో మూత జరిగినప్పుడల్లా, ఆ క్షణం దాకా ఉన్నవాటిలో బతికి మిగిలినవాటి వాటాను తీసుకుని గుణించుకుంటూ పోతారు. నిరుడే పుట్టిన జట్లను కూడా పారేయకుండా వాడుకోవచ్చు. స్ప్రెడ్‌షీట్‌లో ఒక పూట పని.

ఒక్క పొరపాటు మాత్రం చేయకండి. మూతపడినవాటి సగటు వయసు మూడేళ్లు వచ్చిందని "మన వ్యాపారాల ఆయుష్షు మూడేళ్లు" అని నివేదికలో రాయకండి. ఇంకా బతికున్నవి ఆ సగటులో లేవు.

ప్రశ్న: తొలి ఏడాది మనుగడ ఒక దేశంలో 80 శాతం, ఇంకో దేశంలో 90కి పైన. రెండో దేశంలో వ్యాపారం చేయడం సులువా? (పోటీ పరీక్షల అభ్యర్థి)

అలా తేల్చలేం. అమెరికా మనుగడ లెక్కలో ఉండేవి జీతగాళ్లున్న వ్యాపార స్థలాలు, అంటే ఒక్కో చిరునామా ఒక్కో లెక్క. వంద శాఖల సంస్థ 50 శాఖలు మూస్తే అక్కడ 50 మూతలు పడతాయి. సంస్థలను లెక్కపెట్టే పట్టికలో ఒక్కటీ పడదు. బ్రిటన్ లెక్క వ్యాట్‌కో, జీతాల పన్నుకో నమోదైన సంస్థలది. అక్కడ తొలి ఏడాది 90 శాతానికి పైగా మిగులుతాయి, ఐదేళ్లకు మాత్రం 40 శాతం దగ్గరకు దిగుతాయి. ఐదేళ్ల సంఖ్య అమెరికాదాని కంటే తక్కువ, ఏడాది సంఖ్య ఎక్కువ! నమోదులోంచి పేరు తొలగడానికి పట్టే ఆలస్యం తొలి ఏడాది సంఖ్యను పైకి లేపుతుంది. పరీక్షలో ఇలాంటి పోలిక అడిగితే యూనిట్ ఏది, జీతగాళ్లున్నవా లేనివా, మూతకు గడువెంత అనే మూడు మాటలు ముందు రాయండి.

ప్రశ్న: దివాలా కేసులు తగ్గితే వ్యాపారాలు బాగున్నట్టే కదా? (బ్యాంకు ఉద్యోగి)

మీ వృత్తిలో ఉన్నవారు ఈ పొరపాటు చేయకూడదు కనుక కాస్త గట్టిగానే చెబుతాం. ఐపీ పెట్టడం వేరు, మూసేయడం వేరు. అప్పు లేని చిన్న వ్యాపారి సరుకు అమ్ముకుని షట్టర్ దించేస్తాడు, కోర్టు మెట్లెక్కడు. అమెరికాలో వ్యాపార దివాలా కేసులు ఈ మధ్య ఏటా 20 వేలకు అటూ ఇటూ ఉంటే, శాశ్వతంగా మూతపడే వ్యాపార స్థలాలు 10 లక్షల స్థాయిలో ఉంటాయి. దివాలా లెక్క చూసి మూతలు ఊహించడమంటే గుమ్మంలోంచి చూసి ఇల్లంతా కొలవడమే.

చట్టం మారినా ఈ సంఖ్య మారుతుంది. 2020లో చాలా దేశాల్లో వ్యాపారాలు కుదేలయ్యాయి, దివాలా కేసులు మాత్రం తగ్గాయి. దివాలా దరఖాస్తు పెట్టాలనే నిబంధనను జర్మనీ తాత్కాలికంగా ఆపింది. భారత్ 2020 మార్చి 25 తర్వాత చెల్లింపులు తప్పినవాటిపై కొత్త దివాలా ప్రక్రియను ఆరు నెలలు నిలిపి, తర్వాత పొడిగించి ఏడాది చేసింది. కేసు వేయడానికి కావాల్సిన కనీస బకాయిని లక్ష నుంచి కోటి రూపాయలకు పెంచింది. ఆ ఏడాది కేసులు తగ్గడానికి కారణం ఆరోగ్యం కాదు, తలుపు మూసి ఉండటం.

తిరగబడిన ఉదాహరణ కూడా ఉంది. 2017లో భారత్‌లో రెండేళ్లకు పైగా రిటర్నులు వేయని 2 లక్షలకు పైగా కంపెనీల పేర్లను రిజిస్టర్ నుంచి కొట్టేశారు. అవి ఆ ఏడాది చచ్చినవి కావు, ఎప్పుడో ఆగిపోయినవి. ఆ సంఖ్యను ఏటి వారీ పట్టికలో పెట్టి గీత గీస్తే ఆకాశానికి ఒక మొన లేస్తుంది. ఆ మొనకు కారణం మార్కెట్‌లో కాదు, కార్యాలయ ఫైళ్లలో వెతకాలి.

ప్రశ్న: మూతపడ్డ ప్రతిదీ విఫలమైనట్టేనా?

కాదు. యజమాని వయసు మీరి తప్పుకోవచ్చు, మంచి ధరకు అమ్మేయవచ్చు, మేలైన ఉద్యోగం దొరకవచ్చు, పని ముగిసిపోవచ్చు. అమెరికాలో బ్రయన్ హెడ్ 2003లో ప్రచురించిన పరిశోధనలో, మూసేసిన వ్యాపారాల్లో సుమారు మూడో వంతు మూసే నాటికి సఫలంగానే నడుస్తున్నాయని యజమానులే చెప్పారు. మన వాడుకలో "బోర్డు తిప్పేశారు" అంటే మోసం వాసన వస్తుంది. గణాంకాల్లో మూత అనే మాటకు ఆ వాసన అంటగట్టవద్దు.

ప్రశ్న: మాంద్యంలో అసలు నష్టం మూతల వల్లేనా? మూతలను ఆపగలిగితే సరిపోతుందా? (ఆర్థికశాస్త్ర అధ్యాపకురాలు)

మూతలు కంటికి కనిపిస్తాయి, తెరుచుకోనివి కనిపించవు. మా అభిప్రాయంలో రెండోదే ఎక్కువ నష్టం, ఎక్కువకాలం ఉండే నష్టం.

2008 తర్వాత అమెరికాలో జరిగింది చూడండి. 2009, 2010లలో సంస్థల మూతలు పుట్టుకలను మించాయి. ఆ తేడాకు పెద్ద కారణం మూతలు ఎగబాకడం కాదు, పుట్టుకలు కూలిపోవడం. పుట్టాల్సిన ఒక తరం పుట్టలేదు. ఆ తరం ఐదేళ్ల వయసుకు ఇవ్వాల్సిన ఉద్యోగాలు ఐదేళ్ల తర్వాత లేకుండా పోయాయి. ఆర్థికవేత్తలు సెడ్లాచెక్, స్టెర్క్ 2017లో చూపించిన మరో సంగతి దీన్ని ఇంకా బరువెక్కిస్తుంది: మాంద్యంలో పుట్టిన సంస్థల జట్లు, ఆర్థిక వ్యవస్థ కోలుకున్నాక కూడా, మంచి రోజుల్లో పుట్టిన జట్లంత ఎదగలేదు. మనుగడ రేటు దాదాపు అదే, ఎదుగుదల వేరు. మనుగడ ఒక్కటే చూస్తే ఈ నష్టం కనబడదు.

ఉద్యోగాల విషయంలో చిన్నవా పెద్దవా అన్న వాదన ఎప్పుడూ ఉన్నదే. ఆర్థికవేత్తలు హాల్టివాంగర్, జార్మిన్, మిరాండా 2013లో సంస్థల వయసును కూడా లెక్కలోకి తెచ్చాక ఆ వాదన తిరగబడింది. చిన్న సంస్థలు ఎక్కువ ఉద్యోగాలిస్తున్నట్టు కనబడటానికి కారణం వాటిలో చాలా భాగం కొత్తవి కావడమే. వయసు మీరిన చిన్న సంస్థల నికర ఉద్యోగాల పెరుగుదల అంతంతమాత్రం. కొత్త సంస్థలు చాలా పోతాయి, మిగిలినవాటిలో కొన్ని బాగా ఎదుగుతాయి. "ఎక్కు లేదా తప్పుకో" అన్నట్టు. అదే అమెరికాలో సంస్థల పుట్టుక రేటు 1970ల చివర 13 శాతం పైచిలుకు ఉండి, 2010 తర్వాత 10 శాతంలోపుకు జారింది. అధ్యాపకులు తరగతిలో మూతల గ్రాఫ్ పక్కన ఈ గ్రాఫ్‌ను తప్పక పెట్టాలి.

పుట్టుకలు ఎందుకు ముందు పడిపోతాయి అంటారా? నడుస్తున్న వ్యాపారిని అద్దె ఒప్పందం, సరుకు, ఉద్యోగులు పట్టి ఉంచుతాయి. నష్టమొచ్చినా కొన్ని నెలలు లాగుతాడు. తెరవబోయే మనిషికి ఆ బంధాలేవీ లేవు. అప్పు పుట్టకపోయినా, తాకట్టు పెట్టే ఇంటి విలువ పడిపోయినా ఆలోచనను వాయిదా వేస్తాడు. అందుకే పుట్టుకల గీత ముందు వంగుతుంది, మూతల గీత తర్వాత లేస్తుంది.

ప్రశ్న: అలాగైతే కష్టంలో ఉన్న ప్రతి సంస్థకూ మళ్లీ మళ్లీ అప్పు ఇచ్చి నిలబెడితే తప్పేమిటి?

తాత్కాలికంగా దెబ్బతిన్న మంచి సంస్థను నిలబెట్టడం తప్పు కాదు. ఎప్పటికీ కోలుకోనిదాన్ని నిలబెట్టడమే తప్పు. విడదీసి చూడటానికి ఓఈసీడీ పరిశోధకులు వాడిన కొలత ఇది: వయసు పదేళ్లు లేదా ఎక్కువ, వరుసగా మూడేళ్లు నిర్వహణ లాభం వడ్డీ కట్టడానికి కూడా చాలకపోవడం. వయసు నిబంధన ఎందుకంటే, పసి సంస్థలు పెరిగే దశలో నష్టాల్లో ఉండటం సహజం. 1990ల జపాన్‌లో బ్యాంకులు తమ మొండి బాకీలను ఒప్పుకోవడం ఇష్టంలేక ఇలాంటి సంస్థలకు అప్పులు కొనసాగించాయి. ఆర్థికవేత్తలు కబాయెరో, హోషి, కాశ్యప్ 2008 పరిశోధనలో తేలిందేమిటంటే, అలాంటి సంస్థలు ఎక్కువగా ఉన్న రంగాల్లో ఆరోగ్యంగా ఉన్న సంస్థల పెట్టుబడి, ఉద్యోగాలు కూడా తగ్గాయి. పనివాళ్లు, చోటు, అప్పు కదలకపోతే కొత్తవారికి దొరకవు. అప్పుడు మూత రేటు తక్కువగా, అందంగా కనిపిస్తుంది.

ప్రశ్న: ప్రతి నెలా వ్యాపారాల పోకడ గమనించాలంటే ఏ సంఖ్యలు ఏ వరసలో చూడాలి? (చిన్న పరిశ్రమలకు అప్పులిచ్చే సంస్థలో విశ్లేషకుడు)

త్వరగా వచ్చేది కొత్త వ్యాపారాల దరఖాస్తుల సంఖ్య. అమెరికా జనగణన కార్యాలయం దీన్ని వారం వారం కూడా ఇస్తుంది. దరఖాస్తులన్నీ వ్యాపారాలుగా మారవు కాబట్టి మొత్తాన్ని కాదు, జీతగాళ్లను పెట్టుకునే అవకాశం ఎక్కువగా ఉన్నవాటిని విడిగా ఇచ్చే వరసను చూడండి. రెండు వరసలూ వేర్వేరు దిక్కులకు పోతుంటే, ఒంటరిగా పనిచేసుకునేవారి నమోదులు పెరుగుతున్నాయని అర్థం. నమోదుల్లో హఠాత్తు ఎగుడుదిగుళ్లు కనిపిస్తే ముందు ఫీజులూ నిబంధనలూ చూడండి. బ్రిటన్‌లో ఆన్‌లైన్ కంపెనీ నమోదు రుసుము 2024 మే 1న 12 పౌండ్ల నుంచి 50కి పెరిగింది. అలాంటి తేదీకి ముందు నెలనూ తర్వాతి నెలనూ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

తర్వాత త్రైమాసిక తెరుపులు, మూతలు. ఇక్కడ ఒక మెలిక ఉంది. "తెరుపు"లో సీజన్‌కు మళ్లీ తెరిచినవీ ఉంటాయి, "పుట్టుక"లో ఉండవు. "మూత"లో తాత్కాలికంగా ఆగినవీ ఉంటాయి, "మరణం"లో ఉండవు. 2020 రెండో త్రైమాసికంలో మూతలు ఒక్కసారిగా ఎగిరాయి, కానీ వాటిలో చాలా భాగం తర్వాత తలుపులు తెరిచాయి. అమెరికా పద్ధతిలో మరణాల సంఖ్య మిగతావాటికంటే మూడు త్రైమాసికాలు ఆలస్యంగా వస్తుంది, నాలుగు త్రైమాసికాల సున్నా చూడాలి కనుక. ఆ ఆలస్యం లోపం కాదు, జాగ్రత్త. మొదట వచ్చిన మూతల సంఖ్యతో అప్పుల మీద నిర్ణయం తీసుకుంటే బాగుపడబోయే ఖాతాదారుని కూడా వదులుకుంటారు.

నెలవారీ ఉద్యోగాల సంఖ్యలోనూ పుట్టుక, మరణాల అంచనా దాగి ఉంటుంది. సర్వే చేసేవాళ్లకు నిన్న పుట్టిన సంస్థ చిరునామా ఉండదు, మూతపడ్డ సంస్థ జవాబివ్వదు. ఈ ఖాళీని అమెరికా కార్మిక గణాంక సంస్థ పాత పోకడల ఆధారంగా ఒక నమూనాతో పూడుస్తుంది. పోకడ మలుపు తిరిగేటప్పుడే ఆ నమూనా తప్పుతుంది. 2024 మార్చి ఉద్యోగాల సంఖ్యను ముందు 8,18,000 తగ్గించాల్సి ఉంటుందని ప్రకటించి, చివరకు 6 లక్షల దగ్గర సవరించారు. సవరణ మొత్తం ఈ నమూనా వల్లే అనలేం, కానీ అనుమానించాల్సిన చోటు అదే.

మీ ఖాతాల వరకు ఇంకా నయం, ఎందుకంటే కరెంటు ఖాతా కదలిక మీకు రోజూ కనిపిస్తుంది. ఖాతాలను వయసు వారీగా, ఏడాదిలోపు, ఒకటి నుంచి మూడు, మూడు నుంచి ఐదు, ఐదుకు పైన అని విడదీసి, ఒక్కో గుంపులో వరుసగా 90 రోజులు జమ పడని ఖాతాల శాతం ప్రతి నెలా రాసుకోండి. మొత్తం శాతం పెరిగినప్పుడు ముందు గుంపుల వాటా మారిందేమో చూడండి. నిరుడు కొత్త ఖాతాలు ఎక్కువ తెరిచి ఉంటే ఏ గుంపులోనూ ప్రమాదం పెరగకుండానే మొత్తం పెరుగుతుంది. ఐదేళ్లు దాటిన గుంపులో శాతం కదిలితే మాత్రం అదే వారం ఆ ఫైళ్లు తెరవండి.